రేకుల కప్పు కింద భూతాపం

2020 అక్టోబరు 13 ఉదయం నుంచి మరునాడు తెల్లవారేదాకా మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా ఘట్‌కేసర్ మండలం సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో 19 సెంటీమీటర్లు పడింది. అక్టోబరు నెలలో హైదరాబాద్‌లో ఒక్కరోజు వానకు అంతకుముందున్న రికార్డు 1903 నాటిది; అది 12 సెంటీమీటర్లకు లోపే. ఆ రాత్రి మల్కాజ్‌గిరిలో బండ చెరువు మత్తడి దుంకి కింది కాలనీలను ముంచెత్తింది. సెల్లార్లలో నిలిపిన బండ్లు మునిగాయి. గ్రౌండ్‌ఫ్లోర్‌లో ఉన్న కుటుంబాలు పై అంతస్తుల మెట్ల మీద తెల్లవార్లూ కూర్చున్నాయి.

అదే మల్కాజ్‌గిరిలో ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి కష్టం మరోలా ఉంటుంది. మౌలాలి గుట్ట చుట్టుపక్కల బస్తీల్లో, రైలుపట్టాల వెంట, అపార్టుమెంట్ల వెనక సందుల్లో సిమెంటు రేకుల గదులు వరసగా కనిపిస్తాయి. పదడుగుల గది, ఒకటే తలుపు. కిటికీ ఉన్నా అది పక్కింటి గోడకే తెరుచుకుంటుంది. పగలంతా కాగిన రేకు రాత్రి పదకొండింటికి కూడా చల్లారదు. ఫ్యాను వేస్తే పైనున్న వేడిగాలే కిందికి దిగుతుంది. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు పొద్దుగూకాక కూడా చెయ్యి పెట్టనియ్యవు. చంటిపిల్లల ఒళ్ళంతా చెమటకాయలు. తల్లులు తడిగుడ్డ గుమ్మానికి వేలాడదీసి, పిల్లల్ని బయట మంచం మీద పడుకోబెట్టి, దోమల్ని తోలుతూ కూర్చుంటారు. పొద్దున్నే ఆరింటికి మళ్ళీ పనికి పోవాలి.

అలాంటి వానలనూ ఈ వేడినీ రెండింటినీ పెంచుతున్నది భూతాపం. భూతాపం గురించి తెలుగులో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ధ్రువప్రాంతాల మంచు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయాయి. మన నేల మీద భూతాపాన్ని తూచడానికి తగిన చోటు ఈ రేకుల గది. భూమి వేడెక్కడానికి అందరికన్నా తక్కువ కారణమైనవాళ్ళు అందులో ఉంటున్నారు, ఆ వేడిని అందరికన్నా ఎక్కువగా మోస్తున్నారు. ఏ పథకానికైనా ఈ గది దాకా అది చేరిందా లేదా అన్నదాన్ని బట్టే విలువ కట్టాలి.

బొగ్గు నుంచి స్విచ్ దాకా

భూతాపం వెనకున్న శాస్త్రం చాలా పాతది. గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతుందని, ఆలస్యంగా చల్లారుతుందని అమెరికా మహిళ యూనిస్ ఫుట్ 1856లోనే చూపింది. గాలిలో ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1896లో లెక్కగట్టాడు. 1958లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనాలోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలోని ప్రతి పది లక్షల భాగాల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 భాగాలు. యంత్రయుగానికి ముందు అది 280. 2024లో 424 దాటింది. అదే ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత యంత్రయుగానికి ముందున్న స్థాయి కంటే దాదాపు 1.55 డిగ్రీలు పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. కొలతలు మొదలయ్యాక అంతటి వేడి సంవత్సరం మరొకటి లేదు.

ఎండ వెలుగు భూమిని చేరి, వేడిగా మారి, తిరిగి ఆకాశంలోకి పోవాలి. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి వాయువులు ఆ వేడిలో కొంత పట్టి ఉంచుతాయి. అవి అసలే లేకపోతే భూమి గడ్డకట్టుకుపోయేది. చిక్కంతా వాటి మోతాదులో ఉంది. బొగ్గు, పెట్రోలియం, సహజవాయువు మండించడం వల్ల ఇప్పుడు ఏటా 3,700 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. అడవులు, సముద్రాలు అందులో దాదాపు సగం మింగుతాయి. మిగిలింది వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది.

తెలుగు నేలకు ఇందులో సొంత అధ్యాయం ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. గోదావరి లోయ వెంట రామగుండంలో, పాల్వంచలో, మణుగూరు దగ్గర భద్రాద్రిలో థర్మల్ కేంద్రాలు వెలిశాయి. కృష్ణా తీరాన దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం వచ్చింది. మల్కాజ్‌గిరిలో ఏసీ స్విచ్ వేస్తే మండేది ఎక్కువగా ఈ బొగ్గే. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా ఎనిమిది యూనిట్లు తాగితే ఐదున్నర కిలోలకు పైగా గాలిలో కలిసినట్టు. 2025 మార్చిలో తెలంగాణలో ఒక్కరోజు గరిష్ఠ విద్యుత్ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. అప్పటికి ఏప్రిల్ ఎండలు ఇంకా మొదలే కాలేదు.

ఇక్కడ న్యాయం మాట రాక తప్పదు. సగటు భారతీయుడి వాటాకు ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తే, సగటు అమెరికన్ వాటా దాదాపు 14 టన్నులు. దేశాల మధ్య ఉన్న ఈ తేడా ఒకే వీధిలోనూ ఉంది. మూడు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఫ్లాటుకూ, ఒక ఫ్యాను, ఒక బల్బు ఉన్న రేకుల గదికీ వాతావరణం మీద పడే భారం ఒకటి కాదు. పైగా ఆ ఏసీల వెనక భాగం నుంచి వచ్చే వేడిగాలి సందులోకి, అంటే ఆ గది గుమ్మం ముందుకే వస్తుంది. బాధ్యత మాట్లాడేటప్పుడు "మనమందరం" అని కలిపేస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది.

నగరం కలిపిన వేడి

బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2 నాటిది. "అరవై ఏళ్ళ కిందటి రికార్డే ఇంకా నిలిచి ఉంటే భూతాపం ఎక్కడ?" అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. భూతాపం ఒక్క రోజు రికార్డులో కాక, దశాబ్దాల సగటులో తెలుస్తుంది. 1901 నుంచి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక తేల్చింది. సగటు అంత కదిలితే, ఒకప్పుడు అరుదుగా వచ్చే తీవ్రమైన ఎండలు తరచుగా వస్తాయి, ఎక్కువ రోజులు నిలుస్తాయి.

దీని మీద నగరం తన వంతు వేడి కలుపుతుంది. రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. ప్రపంచమంతటా గాలి వేడెక్కడం ఒకటి. చెట్టూ చెరువూ పోయి సిమెంటు, తారు పరుచుకోవడం వల్ల ఊరు చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉండడం మరొకటి. మొదటిదానికి ప్రపంచమంతా కదలాలి. రెండోది మాత్రం మున్సిపాలిటీ చేతిలో పని.

మల్కాజ్‌గిరి ఇందుకు తిరుగులేని ఉదాహరణ. రైల్వే ఉద్యోగులు, రిటైరైన సైనికులు, చిన్న జీతగాళ్ళు స్థలాలు కొనుక్కుని, బావి తవ్వుకుని, పెరట్లో మామిడీ కొబ్బరీ వేసుకున్న ఊరు ఇది. 2007లో మల్కాజ్‌గిరి మున్సిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆ ముందూ వెనకా రెండు వందల గజాల పెరటి ఇళ్ళు ఒక్కొక్కటే కూలి, ఐదంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. స్థలమంతా స్లాబు, మిగిలిన జానెడు చోటు పార్కింగు టైల్స్. వాన నీరు ఇంకే మట్టే లేదు. మట్టీ చెట్టూ నీటిని ఆవిరి చేస్తూ గాలిని చల్లబరుస్తాయి. కాంక్రీటు పగలంతా వేడి దాచుకుని రాత్రంతా వదులుతుంది. మనిషి ఒళ్ళు పగటి ఎండదెబ్బ నుంచి తేరుకోవడానికి రాత్రి చల్లదనం కావాలి. రేకుల గదిలో ఉండేవాడికి అందకుండా పోతున్నది సరిగ్గా అదే.

చెరువుల కథ దీనికి జోడు. రామకృష్ణాపురం చెరువు నిండి సఫిల్‌గూడ నడిమి చెరువుకు, అది నిండి బండ చెరువుకు నీరు పారే గొలుసుకట్టు ఇక్కడ ఉండేది. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ చేసుకున్న నీటి ఏర్పాటు పద్ధతి ఇదే. ఇప్పుడు చెరువుకూ చెరువుకూ నడుమ వాగు నాలాగా మారింది, నాలా ఇరుకైంది, అందులో మురుగు పారుతోంది. సఫిల్‌గూడ కట్ట మీద కట్టమైసమ్మ గుడి ఉంది, నడిచేవాళ్ళకు బాట ఉంది, పక్కన పార్కు ఉంది. సాయంత్రం ఆ కట్ట మీద నిలబడితే చౌరస్తా ఉక్కకూ ఇక్కడి గాలికీ తేడా ఎవరికైనా తెలుస్తుంది. చెరువు ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఆ చెరువు గొలుసును నాలాగా వదిలేస్తే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతం చూసింది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్ ప్రాంతంలో సైకిల్ మీద బయటికి వెళ్ళిన ఓ బాలిక మూత లేని నాలాలో పడి కొట్టుకుపోయింది. మరునాడు బండ చెరువులో శవమై తేలింది.

ఎవరి మీద ఎంత

ఫలితాల్లో మొదట చెప్పాల్సింది ప్రాణనష్టం. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. చనిపోయినవాళ్ళలో ఉపాధి కూలీలు, భవన నిర్మాణ కార్మికులు, గొర్రెల కాపరులు, ఒంటరి వృద్ధులు ఎక్కువ. ఆ దెబ్బ తర్వాతే రెండు రాష్ట్రాల్లో వేసవి కార్యాచరణ ప్రణాళికలు, చలివేంద్రాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉపాధి పనివేళల మార్పు ఒక పద్ధతిలోకి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుడి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. మంచి నిర్ణయం. అయితే వడదెబ్బతో పోయినవాడి చావు చాలాసార్లు గుండెపోటుగానో జ్వరంగానో కాగితాలకెక్కుతుంది. రేకుల గదిలో రాత్రిపూట పోయిన ముసలివాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. రుజువు దొరికే పద్ధతి సులువైతే తప్ప పరిహారం చేరాల్సిన ఇంటికి చేరదు.

రెండోది వాన. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. వాన మొత్తం పెరగకపోయినా కురిసే తీరు మారుతుంది: ఎక్కువ రోజులు పొడిగా గడిచి, పడితే కుండపోతగా పడుతుంది. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్లు కురిసింది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ "ఇది భూతాపం చేసిన పని" అని తేల్చి చెప్పలేం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు గాలిలో కార్బన్ ఇంతగా లేదు. అప్పుడూ కుండపోతలు ఉన్నాయి; వేడెక్కిన గాలి ఇప్పుడు వాటి అవకాశాన్ని, తీవ్రతను పెంచుతోంది. నాలాలు, వాగులు ఆక్రమించి మనం నష్టాన్ని ఇంకా పెంచుకుంటున్నాం.

మూడోది సముద్రం, పొలం. కాకినాడ దగ్గర ఉప్పాడలో కడలి ఊరిని ఏళ్ళ తరబడి కోసుకుపోతోంది. ఇళ్ళు, గుడులు, బీచ్ రోడ్డు దెబ్బతిన్నాయి. అక్కడి కోతకు తీరపు మార్పులు, తుపాన్లు, కట్టడాలు అన్నీ కారణమే. పెరుగుతున్న సముద్రమట్టం వాటికి తోడవుతోంది. పూత సమయంలో ఎండ ముదిరితే మామిడి రాలుతుంది. పాలు పోసుకునే వేళ వేడి పెరిగితే వరి తాలు పోతుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, 2011లో మొదలైన జాతీయ కార్యక్రమం 'నిక్రా'కు కేంద్రంగా ఉండి, వాతావరణాన్ని తట్టుకునే సేద్యం మీద ఊళ్ళలో పని చేస్తోంది. మెట్టరైతు అప్పుల పాలై నగరానికి వస్తే దిగేది ఎక్కడ? మౌలాలిలోనో జవహర్‌నగర్‌లోనో ఇలాంటి రేకుల గదిలోనే. పొలంలో ఎండ తరిమిన మనిషి నగరంలో అదే ఎండ చేతికి చిక్కుతున్నాడు.

జవహర్‌నగర్ గుట్ట

భూతాపానికి బొగ్గు ఒక్కటే కారణం కాదు. మల్కాజ్‌గిరి నుంచి కాసేపు ఉత్తరంగా ప్రయాణిస్తే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వస్తుంది. మూడు వందల ఎకరాలకు పైగా నేల. హైదరాబాద్ చెత్తంతా ఏళ్ళ తరబడి అక్కడే పోగైంది. దమ్మాయిగూడ వైపు గాలి మళ్ళితే కిటికీలు మూసుకోవాల్సిందే. వానకు ఆ గుట్ట నుంచి ఊరిన నల్లటి రసం మల్కారం చెరువును పాడుచేసింది, చుట్టుపక్కల బోర్లలో రంగునీళ్ళు తెచ్చింది.

అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు గాలి తగలకుండా కుప్పకింద కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే టన్నుకు టన్ను అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన 80 రెట్ల దాకా. అయితే మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్ళ దాకానే నిలుస్తుంది. దాన్ని ఆపితే ఫలితం మన కళ్ళముందే కనిపిస్తుంది. జవహర్‌నగర్‌లో పాత గుట్టకు మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పు వేశారు. 2020లో చెత్తను మండించి కరెంటు తీసే 19.8 మెగావాట్ల కేంద్రం మొదలైంది. గుట్ట నుంచి వచ్చే వాయువును శుద్ధి చేసి వాహనాల ఇంధనంగా మార్చే ఏర్పాటూ వచ్చింది. ఇవి పాత తప్పును సరిదిద్దే పనులు. తడి చెత్తతో కలిసిన చెత్తను మండించడం కష్టం, ఖర్చు, పొగ.

అసలు దారి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూపింది. రోజూ పోగయ్యే పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలను అక్కడే ముక్కలు చేసి, గాలి చొరబడని ట్యాంకులో కుళ్ళబెట్టి వాయువు తీస్తారు. రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్‌కు వంటగ్యాస్, చివరికి మిగిలేది ఎరువు. సాంకేతికత ఎక్కడో విదేశాల్లోది అనుకోనక్కర్లేదు. మల్కాజ్‌గిరి పక్కనే తార్నాకలో ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. ఒక మార్కెట్‌లో సాధ్యమైంది ప్రతి రైతుబజారులో, ప్రతి పెద్ద ఫంక్షన్ హాలు దగ్గర ఎందుకు సాధ్యం కాదు? తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చే ఇంటికి ఇందులో వాటా ఉంది. ఇళ్ళలో వేరు చేసిన చెత్తను ఒకే ఆటోలో కలిపేయకుండా చూసే బాధ్యత మాత్రం అధికారులది.

ఏ మందు ఎంత పనిచేస్తుంది

పరిష్కారాల జాబితాలు ఎప్పుడూ పొడుగ్గానే ఉంటాయి. వాటిని బరువును బట్టి వరస పెట్టాలి.

అన్నిటికంటే బరువైనది కరెంటు. పారిస్ ఒప్పందం చెప్పిన 1.5 డిగ్రీల హద్దులో ఉండాలంటే 2030 నాటికి ప్రపంచ ఉద్గారాలు 2019 స్థాయి నుంచి 43 శాతం తగ్గాలని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర బృందం ఐపీసీసీ లెక్క. మన దేశం 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలకు చేరతానని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. 2025లో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయినా నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో బొగ్గుదే ఇప్పటికీ పెద్ద వాటా. రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రం, ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని–శకునాల దగ్గరి 1,000 మెగావాట్ల సౌర పార్కు, పిన్నాపురంలో నీటిని పైకి తోడి రాత్రికి కరెంటు దాచే ప్రాజెక్టు మార్పు దిశను చూపుతున్నాయి. ఇంటి స్థాయిలో 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తుంది. అవి రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తే ఏడాదికి మూడు టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆగినట్టు. సొంత మిద్దె ఉన్నవాడికి మంచి బేరం. అద్దె గదిలో ఉన్నవాడికీ, మిద్దెను పది కుటుంబాలు పంచుకునే అపార్టుమెంటుకూ ఇందులో చోటు ఇంకా ఇరుకే.

ఏసీల విషయంలో ఒక సులువైన పని ఉంది. రిమోట్ 18 నుంచి 24కు జరిపితే చాలు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. కొత్తగా కొనేటప్పుడు ఐదు నక్షత్రాల గుర్తుతో పాటు అందులో వాడిన వాయువు ఏమిటో చూడాలి. పాత ఏసీల్లోని కొన్ని వాయువులు కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వేల రెట్లు వేడి పట్టగలవు. మెకానిక్ గ్యాస్ నింపేటప్పుడు మిగిలింది గాలిలోకి వదలకుండా చూడడం చెట్టు నాటినంత విలువైన పని.

తర్వాత ప్రయాణం. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మేడ్చల్ ఎంఎంటీఎస్ మార్గం మొదలై మల్కాజ్‌గిరి, దయానంద్‌నగర్, సఫిల్‌గూడ స్టేషన్లకు లోకల్ రైలు తెచ్చింది. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ మార్గం కూడా తెరుచుకుంది. పట్టాలున్నాయి, కరెంటు తీగలున్నాయి, ప్లాట్‌ఫారాలున్నాయి. లేనిదల్లా తగినన్ని రైళ్ళే. గంటల తరబడి ఎదురుచూడాలంటే ఉద్యోగి బండి తీస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. వేల కోట్ల కొత్త ఫ్లైఓవర్ల కంటే ఉన్న పట్టాల మీద పావుగంటకో రైలు నడపడం ఈ ప్రాంతానికి ఎక్కువ మేలు చేస్తుంది. కొత్త నిర్మాణమేదీ లేకుండా అందే లాభమిది.

పల్లెల్లో వరి. నిలవ నీటిలో మట్టికి గాలి అందక మీథేన్ పుడుతుంది. మధ్యమధ్యలో మడిని ఆరబెట్టి మళ్ళీ తడిచ్చే ఆరుతడి పద్ధతిలో ఆ వాయువు బాగా తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలై లక్షలాది మంది రైతులకు చేరిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరు విజేతలతో కలిపి దక్కింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను దశాబ్దాలుగా కాపాడుకొచ్చారు. తక్కువ నీటితో, ఎక్కువ ఎండలో నిలబడే పంటలవి.

చెట్ల గురించి నిజం చెప్పుకోవాలి. 2015లో చిలుకూరులో మొదలైన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం తర్వాత నగరంలో పచ్చదనం పెరిగింది. భారత అటవీ సర్వే ప్రకారం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న హైదరాబాద్ పచ్చదనం 2021కి 81.81కి చేరింది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో కోటికి పైగా మొక్కలు నాటిన వనజీవి రామయ్య 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఆ పని ఆపలేదు. ఆయన వెళ్ళిపోవడానికి కొద్ది రోజుల ముందే కంచ గచ్చిబౌలిలో చెట్లున్న 400 ఎకరాల మీద బుల్డోజర్లు దిగాయి. సుప్రీంకోర్టు ఆపమంటేనే ఆగాయి. చెట్టు నీడనిస్తుంది, నేలను చల్లబరుస్తుంది, వాననీటిని ఇంకిస్తుంది. బొగ్గు వదిలే కార్బన్ అంతటినీ మాత్రం చెట్లు మింగలేవు. అందుకే ఒక నగరం ఎన్ని మొక్కలు నాటిందని లెక్క చెప్పడం కంటే, ఎన్ని బతికాయో, ఏ బస్తీలో నీడ పడిందో చెప్పడం మేలు. కోనోకార్పస్ లాంటివి మీడియన్లలో వేగంగా పెరిగినా, మనిషి కింద నిలబడే నీడ వేప, కానుగ, రావి, చింతలదే.

సున్నం కొట్టిన కప్పు

రేకుల గదికి నేరుగా చేరే మందు ఒకటుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని కప్పు. వేసవికి ముందు మిద్దెకు సున్నం కొట్టడం మన పాత అలవాటే. 2017లో హైదరాబాద్‌లో తక్కువ ఆదాయ కుటుంబాల 25 ఇళ్ళ కప్పుల మీద ఎండను తిప్పికొట్టే పొర పరిచి, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) సంస్థల వాళ్ళు కొలిచి చూశారు. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ గదుల్లో నిద్రపట్టడానికీ పట్టకపోవడానికీ నడుమ తేడా అది.

ఆ అనుభవంతో 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని కప్పుల విధానం ప్రకటించింది. దేశంలో ఏ రాష్ట్రమూ అంతకుముందు చెయ్యని పని. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో 200 హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల చల్లబరచాలని లక్ష్యం. కొత్తగా కట్టే ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని ఇళ్ళకు తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఇష్టమైతే చేసుకోవచ్చు.

చిక్కు ఇక్కడే ఉంది. మల్కాజ్‌గిరిలో 600 గజాల ఇళ్ళు ఎన్ని? చల్లదనం ఎవరికి అత్యవసరమో వాళ్ళు నిబంధన బయట ఉండిపోయారు. రేకుల గదుల్లో చాలావాటికి అనుమతి పత్రమే ఉండదు, ఓనరు వేరే చోట ఉంటాడు, అద్దెకున్నవాడు ఏడాదికోసారి మారుతుంటాడు. పైకప్పుకు రంగు వేయించే ఆసక్తి ఓనరుకు లేదు, అధికారం కిరాయిదారుకు లేదు. ఈ ముడి విప్పేది ప్రభుత్వ డబ్బే: బస్తీ బస్తీకి వెళ్ళి, అనుమతి పత్రం అడగకుండా, మహిళా సంఘాల చేత రేకుల మీద తెల్ల రంగు వేయించాలి. పేదలకు వేసవిలో ఇచ్చే ఏ సాయంతో పోల్చినా దీని ఖర్చు చిన్నది. ఆ పని చేసే ఆడవాళ్ళకు కూలీ కూడా దొరుకుతుంది.

ప్రభుత్వం ఇలాంటి పని తలకెత్తుకోవడం కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత ఆరో నిజాం, ఏడో నిజాం పాలనలు ఏం చేశాయో ఈ నగరానికి గుర్తుండాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, మూసీ, ఈసీ నదుల మీద ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆయన సలహా విన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. ఒక విపత్తుకు నగరం ఇరవై ఏళ్ళ పని పెట్టుకుని జవాబు చెప్పింది. 2020 వరదకు, ఏటేటా వచ్చే ఎండలకు అలాంటి జవాబు ఇంకా బాకీ ఉంది.

దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ నియోజకవర్గం మల్కాజ్‌గిరి. 2024లో వాళ్ళు 37 లక్షలకు పైమాటే. వచ్చే వేసవి రాకముందే ఓటర్లు తమ కార్పొరేటరును, ఎమ్మెల్యేను, ఎంపీని నాలుగు విషయాలు అడగాలి: బస్తీల్లో రేకుల కప్పులకు ప్రభుత్వ ఖర్చుతో తెల్ల రంగు, రామకృష్ణాపురం నుంచి బండ చెరువు దాకా గొలుసు పునరుద్ధరణ, ప్రతి రైతుబజారులో బోయిన్‌పల్లి తరహా గ్యాస్ కేంద్రం, మేడ్చల్ మార్గంలో పావుగంటకో రైలు. వీటిలో ఏదీ అంతర్జాతీయ ఒప్పందం కోసం ఆగాల్సిన పని కాదు. కాలనీ సంఘాలు ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి, సంతకాలు పెట్టించి, వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.